సిస్సెకి చెమట పడుతోంది

మే 28, మంగళవారం

మూడో అద్దాల బీరువా తెరవగానే కర్పూరం వాసన గుప్పుమంది. కొత్త పాలిష్ వాసనే అయ్యుంటుంది. మూసేశాను.

మే 29, బుధవారం

బుధవారం కాబట్టి ఆగ్నెతె గారు వచ్చారు. పదకొండున్నరకి, ఎప్పటిలాగే, గుమ్మం బయట బూట్లకి అంటిన ఇసుక దులుపుకుని. తొంభై ఒక్క ఏళ్ళ మనిషి, రేవు దగ్గర్నుంచి ఎదురుగాలిలో నడిచొచ్చి, "ఇవాళ గాలే లేదు" అంటారు. బీరువా ముందు ఆవిడ కోసమే వేసి ఉంచిన కుర్చీలో కూర్చుంటారు. సిస్సెని చూస్తూ నాతో మాట్లాడతారు.

సిస్సె ఆవిడ చిన్నప్పటి బొమ్మ. పన్నెండేళ్ళ క్రితం మా దీవి మ్యూజియంకి ఇచ్చారు. ఇచ్చిన రోజు నేను ఆవిడ చెయ్యి పట్టుకుని, "మీరు పోయినా, నేను పోయినా, సిస్సె మాత్రం ఇక్కడే ఉంటుంది" అన్నాను. అంత గొప్పగా ఎందుకు అన్నానో. ఇక్కడ జీతం తీసుకునేది నేనొక్కదాన్నే. నోరు జారితే ఆపేవాళ్ళు లేరు.

"ఏదో వాసనొస్తోంది దోర్తె," అన్నారు.

"పాలిష్ అండీ."

"మా చిన్నప్పుడు దగ్గొస్తే ఛాతీకి రాసేవాళ్ళు చూడు, ఆ మందు వాసనలా ఉంది."

"కొత్త రకం పాలిష్."

మే 31

సిస్సె గౌనుకి పెట్టిన గుండుసూది తుప్పు పట్టింది. సముద్రపు గాలి. ఈ దీవిలో తుప్పు పట్టనిది ఏముంది? మా అన్నయ్య విగ్గోకే పట్టింది.

జూన్ 3, సోమవారం

అవతలి ఒడ్డు పెద్ద మ్యూజియం నుంచి ఉత్తరం. చిన్న మ్యూజియాల్లో ఉన్న పాత ప్లాస్టిక్ వస్తువుల ఆరోగ్యం పరీక్షించడానికి ఎస్బెన్ అనే నిపుణుడు పదమూడో తేదీన వస్తాడట. ముందుగా చదువుకోమని ఒక చిన్న పుస్తకం కూడా పంపారు.

రేపు చదువుతాను.

జూన్ 4

చదివాను.

పత్తిని నైట్రిక్ ఆమ్లంలో నానబెట్టి, ఆరబెట్టి, కర్పూరం కలిపి పిసికితే సెల్యులాయిడ్ అవుతుంది. ఏనుగు దంతం, తాబేటి చిప్ప కొనలేని వాళ్ళ కోసం కనిపెట్టారట. దువ్వెనలు, కళ్ళజోళ్ళు, పింగ్‌పాంగ్ బంతులు, గిలక్కాయలు, బొమ్మలు అన్నీ దాంతోనే చేసేవాళ్ళు. తుపాకుల్లో కూరే దూదికి ఇది పెదనాన్న కూతురు లాంటిది. వయసు మీద పడితే కర్పూరం గాల్లో కలిసిపోతుంది, ఒంట్లో దాగి ఉన్న ఆమ్లం బయటికి వస్తుంది, పక్కనున్న వాటికి కూడా జబ్బు అంటిస్తుంది.

లక్షణాలు కూడా ఇచ్చారు. ఘాటు వాసన. దగ్గర్లో ఉన్న ఇనుము తుప్పు పట్టడం, ఇత్తడి పచ్చబడడం. ఒంటి మీద జిగురు చెమట. లోపల సన్నని పగుళ్ళు.

సిస్సెకి ఇవేవీ లేవు. వాసన ఉంది గానీ అది పాలిష్. తుప్పు ఉంది గానీ అది గాలి. మిగతావి నేను చూడలేదు, కాబట్టి లేవు.

జూన్ 5, బుధవారం

ఆగ్నెతె గారు చాలాసేపు బీరువా అద్దానికి ముక్కు ఆనించి చూశారు.

"దోర్తె, సిస్సెకి చెమట పడుతోంది."

నిజమే. నుదుటి మీద రెండు చుక్కలు.

"ఎండలు కదండీ."

"పద్నాలుగు డిగ్రీలు."

"బీరువా లోపలి లైటు వేడి ఉంటుంది కదా, దాని వల్ల."

ఆవిడ తలెత్తి లైటు వైపు చూశారు. అది వెలగడం లేదు. మార్చి నుంచి వెలగడం లేదు.

"అలాగా," అన్నారు.

జూన్ 7

సిస్సె పక్కనుండే కొయ్య గుర్రం మెడలోని ఇత్తడి గంట పచ్చబడింది. తోమేశాను. ఇప్పుడు పచ్చగా లేదు.

జూన్ 8

వాతావరణం బాగుంది.

జూన్ 10, సోమవారం

మ్యూజియంకి సెలవు. అయినా వెళ్ళాను. అంట్లు తోమే గ్లవ్స్ వేసుకుని సిస్సె గౌను విప్పాను. మెడ కింద, బొజ్జ మీద, అద్దం లోపల చీలినట్టు సన్నటి గళ్ళు. ఒళ్ళంతా జిగురు. కళ్ళు మాత్రం మామూలుగానే ఉన్నాయి. నన్నే చూస్తున్నాయి.

పదమూడున ఎస్బెన్ వస్తే ఏం చేస్తాడో పుస్తకంలోనే రాసి ఉంది. "తొలగించి నాశనం చేయవలెను."

సిస్సెని రొట్టె చుట్టే గుడ్డలో చుట్టి సైకిలు బుట్టలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. దొంగతనం కాదు. రెండు మూడు రోజుల మార్పు కోసం. ముసలివాళ్ళు గాలి మార్పుకి వెళ్ళరా?

చల్లగా ఉంచాలని పుస్తకం చెప్పింది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టాను, చేపల డబ్బాకీ చీజుకీ మధ్య.

జూన్ 11

చర్చి వాళ్ళ పాత సామాన్ల దుకాణంలో ఇంచుమించు సిస్సె ఎత్తు బొమ్మ దొరికింది. బుగ్గలు కాస్త ఎక్కువ. సిస్సె గౌను ఉతికి దానికి తొడిగాను. వెనకాల బొత్తాలు పట్టలేదు. వెనకాల ఎవరు చూస్తారు?

దూరం నుంచి అచ్చం సిస్సే. చాలా దూరం నుంచి.

వెన్నలో కర్పూరం వాసన.

జూన్ 12, బుధవారం

ఆగ్నెతె గారు కూర్చున్నారు. కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నారు. మళ్ళీ తీసి తుడిచారు.

"ఈ వారం సిస్సె ఒళ్ళు చేసింది."

"అద్దం అలా చూపిస్తుందండీ."

"చెమట కూడా తగ్గింది."

"లైటు తీయించేశాను కదా."

"మంచి పని చేశావు," అన్నారు. నేను తెచ్చిన కాఫీ తాగి, పన్నెండున్నరకి లేచారు. గుమ్మం దగ్గర ఆగి నా చెయ్యి తట్టారు. ఎప్పుడూ తట్టరు.

నమ్మినట్టే ఉన్నారు.

జూన్ 13, గురువారం

ఏ వరసలో జరిగిందో ఆ వరసలోనే రాస్తాను.

పదింటి ఫెర్రీకి ఎస్బెన్ దిగాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, దీపస్తంభం అంత పొడుగు, అలలకి కడుపు తిప్పి ముఖం మా గంట రంగులో ఉంది. రెండు కప్పుల టీ తాగాక మనిషయ్యాడు. పరికరాల పెట్టె తెరుస్తాడనుకున్నాను. తెరవలేదు. బొటనవేలు చూపించాడు.

"ఇదే నా పరికరం. వేడెక్కేదాకా గట్టిగా రుద్ది వాసన చూడాలి. ప్లాస్టిక్ అబద్ధం చెప్పదు."

నాకు చెప్పినట్టనిపించింది. కానీ అతనికి ఇంకా ఏమీ తెలియదు.

పాత రేడియో మీట రుద్ది నా ముక్కు దగ్గర పెట్టాడు. ఆసుపత్రి నేల తుడిచిన వాసన. "బేకలైట్," అన్నాడు. బొత్తాల డబ్బాలోంచి ఒకటి తీసి వేడినీళ్ళలో ముంచి ఇచ్చాడు. మాడిన పాల వాసన! పాలు విరగ్గొట్టి, ఆ విరుగుడుని గట్టిపరిచి చేసేవాళ్ళట. పాతికేళ్ళుగా ఆ డబ్బాలో చీజు దాచుకున్నానని నాకు తెలియనే తెలియదు. మా నాన్నమ్మ కోటు బొత్తాలన్నీ ఇవే. దగ్గరికి తీసుకున్నప్పుడల్లా ఆవిడ దగ్గర పాల వాసన వచ్చేదంటే అది ప్రేమ అనుకున్నాను. కొంత ప్రేమ, కొంత బొత్తాలు.

నాకు ఎంత సరదా పుట్టిందంటే, మూడో బీరువా సంగతే మర్చిపోయాను. కోటు చేతులు మడిచి నేనూ దువ్వెనలు రుద్దుతున్నాను. అప్పుడు అతను బొమ్మని తీశాడు. చెక్కిలి రుద్దాడు. వాసన చూశాడు. మళ్ళీ చూశాడు.

"కొత్త షవర్ కర్టెన్ వాసన వస్తోందేంటి? ఇది వినైల్. డెబ్భైల్లో చేసింది. కార్డు మీద సెల్యులాయిడ్, 1938 అని ఉందే?"

"అచ్చుతప్పు."

"రెండూనా?"

సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. పక్కింట్లో ఉండే మా అన్నయ్య. బీరు అయిపోతే మా ఫ్రిజ్ తన ఫ్రిజ్జే అనుకునే మనిషి. విగ్గో మాట్లాడితే ఫోను అక్కర్లేదు, కిటికీ తెరిస్తే చాలు.

"దోర్తే! నీ ఫ్రిజ్‌లో బట్టల్లేని పిల్ల పడుకుని నన్నే చూస్తోందే! కర్పూరం కొడుతోంది! ఏం చేస్తున్నావే నువ్వు?"

ఎస్బెన్ నా వైపు చూశాడు. నేను గంట వైపు చూశాను.

మేం వెళ్ళేసరికి సిస్సె వంటింటి బల్ల మీద ఉంది. అన్నయ్య పైపు వెలిగించుకుని, వెలుగు చాలక దాని మీదికి వంగి పరిశీలిస్తున్నాడు. ఎస్బెన్ రెండంగల్లో గది దాటి, ఆయన నోట్లోంచి పైపు లాగి సింకులో పడేసి నీళ్ళు తిప్పాడు.

"ఎవడే వీడు?" అన్నాడు విగ్గో నాతో.

"అయ్యా, ఆ బొమ్మ సెల్యులాయిడ్. పాడైపోయింది. నిప్పురవ్వ పడితే చాలు."

"ముప్ఫై ఏళ్ళు ఫైర్ బ్రిగేడ్‌లో చేశానయ్యా. నాకు నిప్పు గురించి చెప్తున్నావా?"

"అయితే మీకే బాగా తెలియాలి. మండడానికి కావలసిన ఆక్సిజన్ దాని ఒంట్లోనే ఉంటుంది. అంటుకుంటే మీరు నీళ్ళు పోసినా, ఇసక పోసినా ఆగదు."

అన్నయ్య జీవితంలో మొదటిసారి ఎదుటివాడి మాట విన్నాడు. సిస్సెని రేకు డబ్బాలో పెట్టి, మూత కొంచెం తెరిచి, తోటలో ఇంటికి దూరంగా నీడలో పెట్టి వచ్చాడు. పైపు సింకులోనే వదిలేశాడు.

ఎస్బెన్ సాయంత్రం దాకా ఉండి బీరువా మొత్తం పరీక్షించాడు. సిస్సె పక్కనుండే రెండు దువ్వెనలకి జబ్బు అంటుకుంది. నాకు వాసన వచ్చిన రోజునే చెప్పి ఉంటే అవి దక్కేవి. అతను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మిగతావి బతుకుతాయి. సిస్సె పని మాత్రం అయిపోయింది. ఇచ్చినావిడకి చెప్పాలి," అన్నాడు.

"ఉత్తరం మీరు రాస్తారా?"

"మీరే చెప్పాలి."

జూన్ 14

చెప్తాను.

జూన్ 15

అద్దం ముందు అభ్యాసం చేశాను. "ఆగ్నెతె గారూ, మీకో విషయం చెప్పాలి." బాగుంది. దాని తర్వాత వాక్యం రావడం లేదు.

జూన్ 16

సిస్సె లేకపోతే బుధవారాలు ఏం చేస్తానో. అంటే, ఆవిడ ఏం చేస్తారో అని.

జూన్ 18

అన్నయ్య మజ్జిగ, బిస్కెట్లు పట్టుకొచ్చాడు. గిన్నెలో విరిచి వేసుకుని ఇద్దరం తిన్నాం. "చెప్పేయవే. మంట చిన్నగా ఉన్నప్పుడే పిలవాలి మమ్మల్ని అని ఊరంతా చెప్పేవాడిని. ఎవడూ విని చావలేదు," అన్నాడు.

జూన్ 19, బుధవారం

చెప్పాను.

కుర్చీలో కూర్చోక ముందే చెప్పేశాను, నిలబెట్టే. చెమట, గంట, గుండుసూది, సైకిలు బుట్ట, ఫ్రిజ్, వినైల్ పిల్ల, అన్నీ. ఒకే ఊపిరిలో. చివరికి "నన్ను క్షమించండి" అంటూ కుర్చీ ఆవిడ వెనక్కి జరిపాను.

ఆగ్నెతె గారు నింపాదిగా కూర్చున్నారు.

"పోయిన వారమే తెలుసు."

"తెలుసా?"

"సిస్సెకి ఎడమ కన్ను కాస్త కిందికి ఉంటుంది. ఎనభై ఆరేళ్ళుగా చూస్తున్నాను, తెలియదా? పైగా ఆ బొద్దు పిల్లకి గౌను వెనకాల పిన్నులు పెట్టావు. బీరువా వెనక అద్దంలో కనబడుతోంది."

"మరి ఎందుకు అడగలేదు?"

"అంత కష్టపడి అబద్ధం చెప్తున్నావు. మధ్యలో ఆపితే ఏం బాగుంటుంది?"

నేను ఏడుస్తానేమోనని కాబోలు, ఆవిడ గబగబా అడిగారు. "ఇప్పుడు దాన్నేం చేస్తారు?"

"ప్రమాదకరమైన చెత్తతో పాటు ఓడలో పంపిస్తారు. అక్కడ కాల్చేస్తారు."

"మనమే కాలిస్తే?"

నేను సరిగ్గా వినలేదనుకున్నాను.

ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పారు. వాళ్ళ నాన్న ఓడల్లో పనిచేసేవారు. హాంబుర్గ్ రేవులో సిస్సెని కొని, ఆవిడ అయిదో పుట్టినరోజుకి తెచ్చారు. తెచ్చిన రోజు మోకాళ్ళ మీద కూర్చోబెట్టుకుని ఒకే ఒక్క మాట చెప్పారట. "దీన్ని పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళకు తల్లీ. భగ్గున లేచిపోతుంది." రెండేళ్ళ తర్వాత ఆయన ఓడ తిరిగి రాలేదు.

"ఆయన ముఖం ఫోటోల్లోంచి గుర్తు. గొంతు అసలు గుర్తులేదు. ఆ ఒక్క మాట మాత్రం ఉండిపోయింది. చలికాలంలో పొయ్యి పక్కన కూర్చోవాల్సొస్తే సిస్సెని మెట్ల మీద పెట్టి వెళ్ళేదాన్ని. పాపం, అది అక్కడ వణుకుతోందనుకునేదాన్ని. దోర్తె, ఎనభై ఆరేళ్ళు ఆయన మాట విన్నాను. చాలు. ఎలా లేచిపోతుందో ఒక్కసారి చూడాలని ఉంది."

జూన్ 20

ఎస్బెన్‌కి ఫోను చేశాను. విషయం చెప్పాను.

"మ్యూజియం వస్తువుని బీచిలో కాల్చడానికి నేను అనుమతి ఇవ్వలేను," అన్నాడు.

"అర్థమైంది."

"కానీ పాడైన వస్తువుని ఇచ్చినవాళ్ళకి తిరిగి ఇవ్వచ్చు. దానికి ఒక ఫారం ఉంది. ఆ తర్వాత అది మ్యూజియం వస్తువు కాదు." కాగితాలు తిప్పిన చప్పుడు. "ఎప్పుడు?"

"ఆదివారం. సాంక్ట్ హాన్స్ మంటల పండుగ రోజున."

"ఆ పొగ విషం. అందరూ గాలి వచ్చే వైపే నిలబడాలి. నేను కూడా వస్తాను. అధికారికంగా కాదు."

జూన్ 21

ఫారంలో "తొలగింపుకి కారణం" అని ఒక గడి ఉంది. "వృద్ధాప్యం" అని రాశాను. సంతకం పెట్టేటప్పుడు ఆగ్నెతె గారు అది చదివి, "ఇలాంటి ఫారం మనుషులకి కూడా ఉందా?" అని అడిగారు.

జూన్ 23, ఆదివారం

ప్రతి ఏడూ సాంక్ట్ హాన్స్ భోగిమంట అన్నయ్యే పేరుస్తాడు. రాత్రికి ఊరంతా వచ్చి పాడుతూ గడ్డి మంత్రగత్తెని కాలుస్తారు. మేం సాయంత్రం ఆరింటికే వెళ్ళాం, సూర్యుడు ఇంకా బాగా పైనే ఉన్నాడు. పెద్ద మంటకి రెండొందల అడుగుల దూరంలో తడి ఇసుక మీద అన్నయ్య ఒక రాతి వలయం కట్టాడు. పాత యూనిఫాం తొడుక్కొచ్చాడు. బొత్తాలు పట్టలేదు. ఆగ్నెతె గారు చూసి, "ఇతను కూడా వినైలేనా?" అన్నారు.

ఎస్బెన్ గాలికి చేతిరుమాలు పట్టి దిక్కు చూశాడు. మా ముగ్గురినీ ఒకసారి ఇటు, ఒకసారి అటు నిలబెట్టాడు. నాకు నవ్వొచ్చింది, అతనికి రాలేదు. గ్లవ్స్ తొడిగి సిస్సెని రాళ్ళ మధ్య కూర్చోబెట్టాడు.

ఆగ్నెతె గారు దాని దగ్గరికి నడిచారు. ఎవరూ ఆపలేదు. వంగలేరు కాబట్టి నిలబడే మాట్లాడారు. ఏమన్నారో గాలికి నాకు వినబడలేదు. వినబడలేదనే రాస్తున్నాను.

వెనక్కి వచ్చి అన్నయ్య మోచెయ్యి పట్టుకున్నారు. అన్నయ్య ఒక పొడవాటి కర్రకి గుడ్డ చుట్టి వెలిగించి ఆవిడ చేతికిచ్చాడు. కర్ర బరువు తను మోస్తూ, వేళ్ళు మాత్రం ఆవిడవి ఉండేలా. ఆవిడ దాన్ని చాచారు.

మంట అని రాస్తే తక్కువ. ఒక్క "హూష్" శబ్దం. పసుపూ తెలుపూ కలిసిన వెలుగు నిలువెత్తు లేచింది, లోపల ఒక్క క్షణం సిస్సె చేతులు పైకెత్తినట్టు కనబడింది, గోధుమరంగు పొగ సముద్రం మీదికి పారిపోయింది. ఆరు సెకన్లు. ఎస్బెన్ లెక్కపెట్టాడు. రాళ్ళ మధ్య చూస్తే గుప్పెడు బూడిద కూడా లేదు.

మేం ముగ్గురం ఆవిడ వైపు చూశాం. నా జేబులో చేతిరుమాళ్ళు మూడు ఉన్నాయి.

ఆగ్నెతె గారి కళ్ళు మెరుస్తున్నాయి. నోరు తెరిచే ఉంది. అయిదేళ్ళ పిల్లకి ఉండాల్సిన ముఖం అది.

"నాన్న అబద్ధం చెప్పలేదు!" అన్నారు. ఊపిరి పీల్చుకుని, ఎస్బెన్ వైపు తిరిగారు. "ఇంకోటి ఉందా?"

ఎస్బెన్ ఎర్రబడ్డాడు. కోటు జేబులోంచి చిన్న రేకు డబ్బా తీశాడు. లోపల వాళ్ళ తాత ఆడుకున్న పాత పింగ్‌పాంగ్ బంతులు, అయిదు.

"అధికారికంగా కాదు," అన్నాడు.

ఆవిడకి మూడు, అన్నయ్యకి ఒకటి, నాకు ఒకటి. నాది అన్నిటికంటే ఎత్తు లేచింది.

జూన్ 25

రేపు బుధవారం. మూడో బీరువాలో సిస్సె చోటు ఖాళీగా ఉంది. కుర్చీ తీసి సామాన్ల గదిలో పెట్టాను. ఎవరికైనా కాలికి తగులుతుందని.

జూన్ 26, బుధవారం

పదకొండున్నరకి గుమ్మం బయట ఇసుక దులుపుతున్న చప్పుడు.

ఆగ్నెతె గారు లోపలికి వచ్చి, బీరువా వైపు చూడకుండా నా వైపు చూశారు. "కుర్చీ ఏదీ?"

పరుగెత్తి తెచ్చాను. ఎటు తిప్పి వేయాలో తెలియలేదు. ఆవిడే దాన్ని నా టేబుల్ వైపు తిప్పుకుని కూర్చున్నారు.

"మీరు ఇక రారనుకున్నాను," అన్నాను. "సిస్సె లేదు కదా."

"సిస్సె కోసం వచ్చేదాన్నని ఎవరన్నారు?"

"పన్నెండేళ్ళుగా, ప్రతి బుధవారం..."

"బుధవారం బుధవారం మా ఆయన చెల్లెలు మారెన్ మా ఇంటికి వచ్చేది. పదకొండింటికి వచ్చి, నా కాఫీ పలచన అని, నా కర్టెన్లు మురికి అని, రెండింటికి గానీ కదిలేది కాదు. మ్యూజియంలో బొమ్మని చూసి రావాలి, మాటిచ్చాను అని చెప్పి తప్పించుకునేదాన్ని. బొమ్మని ఇచ్చిందే అందుకు."

నేను లెక్కపెట్టుకున్నాను. "కానీ మారెన్ గారు పోయి నాలుగేళ్ళయింది కదండీ. అంత్యక్రియలకి నేనూ వచ్చాను."

"అవును."

"మరి ఈ నాలుగేళ్ళూ?"

ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"అప్పటికి నువ్వు అలవాటైపోయావు," అన్నారు. "కాఫీ పెట్టు. మారెన్ చెప్పింది నిజమే, నాది పలచనే. నీది బాగుంటుంది."

కాఫీ పెట్టడానికి వెనక గదిలోకి వెళ్ళాను. చాలాసేపు పట్టింది. వేరే ఏమీ కాదు, ఫిల్టరు కాగితాలు దొరకలేదు.